తాడు కట్టిన తూనీగ

ఇంజను లేని రెక్కకు ఎత్తే మూలధనం. సంపాదించిన ఎత్తును కొద్దికొద్దిగా వెచ్చిస్తూ గ్లైడరు ముందుకు సాగుతుంది. ఉన్నదంతా వెచ్చించిన తరువాత నేలకు దిగుతుంది. కనుక గ్లైడరు నడిపేవారిని ఆది నుంచి వేధించిన ప్రశ్న ఒక్కటే: ఆ మొదటి ఎత్తు ఎక్కడి నుంచి రావాలి? జర్మనీ దేశస్థుడైన ఒట్టో లిలియంతాల్ 1894లో ఈ ప్రశ్నకు మట్టితో సమాధానం చెప్పాడు. బెర్లిన్ పొలిమేరలోని లిచ్టర్‌ఫెల్డే వద్ద సుమారు 15 మీటర్ల ఎత్తున ఒక గుట్టను పోయించి, దాని శిఖరం నుంచి గాలికి ఎదురుగా పరుగెత్తి దూకేవాడు. గాలి ఏ దిక్కు నుంచి వీచినా దూకడానికి వీలుగా ఆ గుట్టను శంకువు ఆకారంలో, అన్ని వైపులా వాలుగా కట్టించాడు. ఎత్తయిన సహజమైన కొండలను కూడా వెతుక్కుంటూ వెళ్లేవాడు; 1896 ఆగస్టులో అటువంటి ఒక కొండ వద్ద జరిగిన ప్రమాదంలో గాయపడి మరునాడు మరణించాడు.

నేటి హాంగ్ గ్లైడరు లిలియంతాల్ రెక్కకు దూరపు వారసురాలు. అల్యూమినియం గొట్టాల చట్రానికి బిగించిన గుడ్డరెక్క, దాని కింద పట్టీలతో బోర్లా వేలాడే మనిషి, అతని చేతుల ముందు ఒక అడ్డకడ్డీ. దాని స్వరూపం అంతే. రెక్క బరువు 30 కిలోల పరిసరాల్లో ఉంటుంది. తోక లేదు, చుక్కాని లేదు. కడ్డీని పట్టుకొని తన శరీరభారాన్ని ముందుకో వెనుకకో, కుడికో ఎడమకో జరపడమే దానిని నడిపే విద్య. 1963లో ఆస్ట్రేలియాలోని గ్రాఫ్టన్ అనే పట్టణంలో జాన్ డికెన్సన్ అనే సాంకేతిక నిపుణుడు, జకరండా పూల ఉత్సవం కోసం నీటిపై స్కీయింగ్ చేసే సంఘంవారు కోరగా ఇటువంటి రెక్కను తయారు చేశాడు. అక్కడ కొండకు బదులు క్లారెన్స్ నది ఉన్నది. మరపడవకు కట్టిన తాడే ఆ రెక్కను పైకి లేపింది. హాంగ్ గ్లైడరు చరిత్రలో తాడు ఆ విధంగా మొదటి నుంచీ ఉన్నది. ఆ తాడు రెండవ కొసను నీటి మీది నుంచి గాలిలోకి మార్చడానికి మాత్రం ఇంకా చాలాకాలం పట్టింది.

అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో ఆ మార్పు స్థిరపడింది. ఆ రాష్ట్రం మొత్తంలో అత్యున్నత స్థలం సముద్రమట్టానికి 105 మీటర్లు మాత్రమే. దూకడానికి తగిన కొండ అక్కడ లేదు. కాని ఎండకు నేల వేడెక్కి, ఆ వేడిగాలి స్తంభాలుగా పైకి లేచే ప్రదేశాలలో ఫ్లోరిడా పేరు పొందినది. థర్మల్స్ అని పిలిచే ఈ ఊర్ధ్వవాయువులలో గద్దవలె చుట్టు తిరుగుతూ పోతే గ్లైడరు గంటలకొద్దీ ఆకాశంలో నిలవగలదు. లోపమల్లా ఆ స్తంభాన్ని అందుకునే తొలి 600 మీటర్ల ఎత్తే. ఆ ఎత్తుకు గ్లైడరును లాక్కొని వెళ్లే చిన్న విమానాన్ని ఆ విద్యలో ఉన్నవారు టగ్ అంటారు. ఓడలను రేవులోకి లాగే చిన్న పడవకు గల పేరే దీనికీ వచ్చింది.

విమానంతో గ్లైడరును లాగడం కొత్త సంగతి కాదు. గాజు పైకప్పు, పొడుగైన దృఢమైన రెక్కలు గల పెద్ద గ్లైడర్లను అంతకు ఎంతోకాలం ముందు నుంచే లాగుతున్నారు. ఆ పనికి పేరుపడిన పైపర్ పానీ వంటి విమానానికి 235 అశ్వశక్తి ఇంజను ఉంటుంది. అది గంటకు 100 కిలోమీటర్లకు పైబడిన వేగంతో లాగుతుంది. హాంగ్ గ్లైడరుకు ఆ వేగం సరిపడదు. తాడు మీద అది సుఖంగా ఎగిరే వేగం గంటకు 50 నుంచి 60 కిలోమీటర్లు. ఆ వేగానికి తగ్గితే మామూలు విమానం గాలిలో నిలవలేదు. రెక్కపై ప్రవాహం చెదిరి, ఎత్తే బలం ఒక్కసారిగా పడిపోయే ఈ స్థితినే స్టాల్ అంటారు. తేలికగా ఉండే చిన్న అల్ట్రాలైట్ విమానాలు నెమ్మదిగా ఎగరగలవు, కాని వెనుక ఒక మనిషిని ఈడ్చుకొని పైకెక్కే శక్తి వాటికి చాలదు. బండిలాగే ఎద్దుకు ఉండే బలం, నడకలో దూడకు ఉండే నెమ్మది ఒకే జీవిలో కావాలి. ఇదీ చిక్కు.

అమెరికన్ రూపశిల్పి బాబీ బెయిలీ, ఆస్ట్రేలియాకు చెందిన హాంగ్ గ్లైడర్ల నిర్మాత బిల్ మోయెస్ కలిసి దీనిని పరిష్కరించారు. వారి విమానం పేరు డ్రాగన్‌ఫ్లై, అంటే తూనీగ. అల్యూమినియం గొట్టాల చట్రం, తెరచాప గుడ్డ కప్పిన వెడల్పాటి రెక్క, ఒకదాని వెనుక ఒకటిగా రెండు ఆసనాలు, తలుపులూ అద్దాలూ లేని తెరపి కూర్చునే చోటు. 1990ల తొలినాళ్ల నుంచి ఇది ఫ్లోరిడాలో వాడుకలోకి వచ్చింది. డావెన్‌పోర్ట్ సమీపాన మాల్కమ్ జోన్స్ నెలకొల్పిన వాలబీ రాంచ్ ఈ పద్ధతికి పేరుపొందిన తొలి కేంద్రాలలో ఒకటి. మొదట్లో దీనికి 64 అశ్వశక్తి గల రోటాక్స్ 582 ఇంజను అమర్చేవారు. తరువాత 80 అశ్వశక్తి గల రోటాక్స్ 912, కొన్నింటికి 115 అశ్వశక్తి గల రోటాక్స్ 914 కూడా వచ్చాయి. ఇంత తేలిక విమానానికి ఇంత శక్తి అరుదు.

ఆ పేరు వినగానే తెలుగువారికి మరొక దృశ్యం తోచకమానదు. వానాకాలపు సాయంత్రాలలో పల్లె పిల్లలు తూనీగను పట్టి, దాని తోకకు దారం కట్టి, చిన్న రాళ్లను ఎత్తించడం ఒకప్పటి ఆట. తూనీగకు ఆ ఆట ఎట్లా ఉండేదో ఎవరూ అడగలేదు. ఈ లోహపు తూనీగకు కట్టిన తాడు చివర ఉన్నది రాయి కాదు, మనిషి. టగ్ నడపడం నేర్చుకోవడంలోని కష్టమంతా ఈ ఒక్క భేదం నుంచే పుడుతుంది.

నేర్చుకోవడానికి వచ్చేవారికి విమానం నడపడం అప్పటికే తెలిసి ఉంటుంది. అమెరికా నియమాల ప్రకారం గ్లైడరును గాని, ఇంజను లేని అల్ట్రాలైట్‌ను గాని లాగే వ్యక్తికి కనీసం ప్రైవేటు పైలట్ ధ్రువపత్రం ఉండాలి. లాగడానికి వాడే తరగతి విమానంలో తానే బాధ్యత వహించి 100 గంటలు ఎగిరి ఉండాలి. లాగడంలో శిక్షణ పొంది, అర్హత గల పైలట్‌ను వెంటబెట్టుకొని నిజంగానో అనుకరణగానో మూడు పర్యాయాలైనా లాగి చూపాలి. ఆ తరువాత కూడా 24 నెలలలోపు ఆ అభ్యాసాన్ని నిలుపుకొని ఉండాలి. నియమాలు ఇంతవరకే చెబుతాయి. నూరు గంటలు మామూలు విమానంలో గడిపినవాడు టగ్‌లో కూర్చున్న తొలి ఉదయం తాను ఏమీ నేర్చుకోనట్లే భావిస్తాడు.

కారణం ఆ శక్తియే. థ్రాటిల్‌ను పూర్తిగా ముందుకు నెట్టగానే తాడు లేని టగ్ కొద్ది దూరం మాత్రమే పరుగెత్తి నిటారుగా లేచిపోతుంది. శిక్షణార్థికి అది ఉత్సాహం కలిగిస్తుంది. శిక్షకునికి కలిగించేది భయమే. నేలకు దగ్గరగా, ముక్కు ఆకాశం వైపు ఉన్న సమయంలో ఇంజను ఆగిపోతే బరువైన విమానం తన ఊపుతో కొన్ని క్షణాలైనా ముందుకు సాగుతుంది. తేలిక విమానానికి ఆ ఊపు లేదు. చట్రమూ తీగలూ గాలికి అడ్డుపడి దాని వేగాన్ని రెప్పపాటులో హరిస్తాయి. ఆ రెప్పపాటులోనే ముక్కును కిందికి దించాలి. అందువలన శిక్షణలో తొలి పాఠం ఇంజను అందించే శక్తి నంతటినీ ఎత్తుగా మార్చుకోకపోవడం. ముక్కును అదుపులో ఉంచి, వేగాన్ని చేతిలో మిగుల్చుకోవాలి. శిక్షకుడు ఎత్తులో ఉండగా థ్రాటిల్‌ను హఠాత్తుగా వెనుకకు లాగి, శిక్షణార్థి చేయి ఆలోచనకు ముందే కదులుతున్నదో లేదో మళ్లీమళ్లీ పరీక్షిస్తాడు.

రెండవ ఇబ్బంది చుక్కానిది. వేగం తక్కువగా, ఇంజను శక్తి ఎక్కువగా ఉన్నప్పుడు ప్రొపెల్లరు ప్రభావం విమానం ముక్కును ఒక పక్కకు తోస్తుంది. పైగా ఈ టగ్ ప్రధాన చక్రాలు ముందు, చిన్న చక్రం తోక వద్ద గల రకం. నేలపై పరుగెత్తేటప్పుడు తోక ముందుకు రావాలని చూస్తూనే ఉంటుంది. పాదాలు చుక్కాని పెడళ్లపై నిరంతరం ఆడుతూ ఉండాలి. గాలిలో ముక్కు అటూ ఇటూ ఊగితే ఒంటరి విమానానికి అది చిన్న లోపం. తాడు కట్టి ఉన్నప్పుడు ఆ ఊగుడంతా వెనుకనున్న మనిషికి చేరుతుంది.

ఇక తాడు. దాని పొడవు సాధారణంగా 75 మీటర్ల పరిసరాల్లో ఉంటుంది. దాని మీద పడే బలం ఎంతో ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రం చదివినవారు సులువుగానే లెక్కించగలరు. మనిషితో కలిపి గ్లైడరు బరువు 110 కిలోలనుకుందాం. అది పది మీటర్లు ముందుకు పోతూ ఒక మీటరు దిగే రకమైతే, గాలి నిరోధం దాని బరువులో పదోవంతు, అనగా 11 కిలోల బరువుకు సమానం. టగ్ సెకనుకు 15 మీటర్లు ముందుకు, 3 మీటర్లు పైకి పోతుంటే ఎక్కుడుకు కావలసిన బలం బరువులో అయిదోవంతు, అంటే 22 కిలోలు. మొత్తం మీద తాడుపై పడేది 33 కిలోల లాగుడు. మనిషి చేతులతో లాగగలిగినంతే! ఈ లెక్కన 600 మీటర్లు ఎక్కడానికి మూడున్నర నిమిషాలు కూడా పట్టదు. అంతా సవ్యంగా ఉన్నంతవరకు ఆ తాడు అంత సాధువు.

సవ్యంగా లేనప్పటి కోసం తాడు చివర ఒక చిన్న దారపు ఉచ్చు కడతారు. దీనిని వీక్‌లింక్ అంటారు. బలంగా ఉండటం కాదు, సమయానికి తెగిపోవడం దీని ధర్మం. తాడు బలానికి గాని, ఈ ఉచ్చు బలానికి గాని అమెరికా నియమావళి హద్దులు విధించింది. గ్లైడరు పూర్తి బరువులో 80 శాతానికి తగ్గరాదు, రెట్టింపుకు మించరాదు. పై ఉదాహరణలో అది 88 కిలోలకూ 220 కిలోలకూ మధ్య. మరీ బలమైన తాడు వాడినప్పుడు రెండు చివరలా ఉచ్చులు ఉండాలి. టగ్ వైపు ఉచ్చు గ్లైడరు వైపు ఉచ్చు కంటె కొంచెం గట్టిదై ఉండాలి, కాని 25 శాతానికి మించి గట్టిదై ఉండరాదు. ఈ తేడా వెనుక చక్కని వివేకం ఉన్నది. తెగితే గ్లైడరు దగ్గరే తెగాలి. అప్పుడు పొడుగాటి తాడు టగ్‌తో పోతుంది. టగ్ వైపు తెగితే 75 మీటర్ల తాడు ఆ గుడ్డరెక్కకు వేలాడుతూ మిగిలిపోతుంది.

నేర్చుకోవడం నిజంగా మొదలయ్యేది అవతలి కొసకు మనిషి వచ్చిన తరువాతనే. వివేకం గల శిక్షకులు మొదట అనుభవం గల గ్లైడరు పైలట్‌నే ఆ కొసకు కడతారు. నేర్చుకునేవారు ఇద్దరూ ఒకే తాడుకు ఉండటం ఎవరికీ క్షేమం కాదు. నేలపై గ్లైడరు చక్రాల బండి మీద ఉంటుంది. టగ్ మెల్లగా ముందుకు జరిగి తాడు బిగువు కాగానే పూర్తి శక్తి ఇస్తుంది. గ్లైడరు బండిని విడిచి ముందుగా లేస్తుంది. టగ్ చక్రాలు ఇంకా పచ్చికపైనే ఉంటాయి. ఇక్కడ టగ్ పైలట్ తొందరపడరాదు, ఆలస్యమూ చేయరాదు. కళ్లు ముందున్న చెట్లపై, మధ్యమధ్య చూపు వెనుక చూపే అద్దంపై. ఆ చిన్న అద్దంలో గ్లైడరు ఒక మిడతంత కనిపిస్తుంది.

కాడి కింది రెండెద్దులలో ఒకటి ఉరికితే రెండవది మెడ నొప్పితో ఆగిపోతుంది. తాడు విషయంలోనూ అంతే. టగ్ వేగం పెరిగితే గ్లైడరు పైకి తేలిపోతుంది. తోక లేని ఆ రెక్కను అధికవేగంలో నిలకడగా పట్టుకోవడం కష్టమై, అది కుడి ఎడమలకు ఊగిసలాడటం మొదలుపెడుతుంది. వేగం తగ్గితే గ్లైడరు కిందికి కుంగి స్టాల్ అంచుకు చేరుతుంది. పైగా అందరికీ ఒకే వేగం సరిపడదు. పందెపు గ్లైడరులో ఆరితేరినవానికి హాయిగా ఉండే వేగం, తేలిక గ్లైడరులో నేర్చుకుంటున్న బాలికకు ప్రాణాంతకం కావచ్చు. కనుక తాడు కట్టకముందే ఎవరు, ఏ రెక్క, ఎంత బరువు, ఎంత అనుభవం అని అడిగి తెలుసుకోవడం మంచి టగ్ పైలట్ల అలవాటు.

థర్మల్ ఎదురైనప్పుడు మరొక విచిత్రం జరుగుతుంది. సెకనుకు 15 మీటర్ల వేగంలో 75 మీటర్ల తాడు అంటే, టగ్ ఉన్నచోటికి గ్లైడరు చేరేసరికి అయిదు సెకన్లు. టగ్ ఊర్ధ్వవాయువులో ప్రవేశించి ఒక్కసారి పైకి లేస్తుంది. గ్లైడరు ఇంకా కింద, మామూలు గాలిలోనే ఉంటుంది. అయిదు సెకన్ల తరువాత ఆ గాలి గ్లైడరును లేపే సమయానికి టగ్ అవతలి వైపు దిగుడు గాలిలోకి దాటిపోవచ్చు. అప్పుడు తాడు వదులవుతుంది. వదులైన తాడు మళ్లీ బిగిసేటప్పుడు పడే కుదుపుకే ఉచ్చు తెగుతుంది. అందుచేత టగ్ పైలట్ తాను అనుభవించే గాలిని మాత్రమే కాక, అయిదు సెకన్ల వెనుకనున్న గాలిని కూడా లెక్కలోకి తీసుకొని, కర్రను సుతారంగా కదపాలి. మలుపులు కూడా అదే విధంగా విశాలంగా, వాలు తక్కువగా ఉండాలి.

అన్నిటికంటె కఠినమైనది మరొకటి ఉన్నది. గ్లైడరు టగ్ దారి నుంచి పక్కకు తొలగి, ఒకవైపు వాలిపోయిందనుకుందాం. తాడు లాగుడు ఆ వాలును ఇంకా పెంచుతుంది. ఒక హద్దు దాటిన తరువాత, మనిషి తన శరీరభారాన్నంతా ఎదురు పక్కకు జరిపినా రెక్క మాట వినదు. దీనిని లాకౌట్ అంటారు. అది ముదరడానికి పట్టే కాలం కొన్ని సెకన్లు మాత్రమే, ఆ సెకన్లలో తాడుపై లాగుడు అమాంతంగా పెరుగుతుంది. గ్లైడరు మరీ పైకి పోయినా ప్రమాదమే. అప్పుడది టగ్ తోకను పైకెత్తి ముక్కును నేలవైపు వంచుతుంది. కర్రను పూర్తిగా వెనుకకు లాగినా ముక్కు లేవని స్థితి వస్తుంది. ఉచ్చు తెగితే సరి. గ్లైడరు పైలట్ తానే విడిపించుకున్నా సరి. ఈ రెండూ జరగనప్పుడు టగ్ పైలట్ చేతికి అందుబాటులో ఉన్న మీట మిగులుతుంది. దానిని లాగితే తాడు టగ్ నుంచి ఊడిపోతుంది.

ఎప్పుడు లాగాలి? 500 మీటర్ల ఎత్తులో ఈ ప్రశ్నకు జవాబు సులభం. వెంటనే. 20 మీటర్ల ఎత్తులో జవాబు అంత సులభం కాదు. ఆ ఎత్తులో తాడు వదిలితే, ముక్కు పైకెత్తి ఉన్న గ్లైడరుకు లాగుడు హఠాత్తుగా ఆగిపోతుంది. తేరుకోవడానికి కావలసిన ఎత్తు దానికి లేకపోవచ్చు. వదలకపోతే లాకౌట్ ముదిరి అది నేలను తాకవచ్చు, టగ్‌నూ తనతో లాక్కొనిపోవచ్చు. చిన్న ఊగిసలాటకే భయపడి తాడు వదిలేవాడు ఎంత ప్రమాదకరమో, అద్దం చూడకుండా మొండిగా లాగుకుపోయేవాడూ అంతే ప్రమాదకరం. శిక్షకులు ఈ విషయంలో నోటితో చెప్పగలిగింది స్వల్పం. పదుల కొద్దీ లాగుళ్లలో అద్దంలోని ఆ మిడత కదలికలను చూసిచూసి, ఏ ఊగుడు తనంతట తాను సర్దుకుంటుందో, ఏది సర్దుకోదో కన్ను నేర్చుకోవాలి. టగ్ ఇంజను ఆగినప్పుడు మాత్రం సందేహానికి తావు లేదు. గ్లైడరును వదిలి ముక్కు దించాలి. వెనుకనున్నది రెక్కే కనుక అది తన దారిన దిగగలదు. ఎత్తులో ఉండగా టగ్ పైలట్‌కు ఏదైనా అనుమానం కలిగితే రెక్కలను అటూ ఇటూ ఊపుతాడు. తక్షణం విడిపొమ్మని దాని అర్థం.

అనుకున్న ఎత్తులో గ్లైడరు విడిపోగానే టగ్ ఒక్క కుదుపుతో ముందుకు దూకుతుంది. కొత్తవారు ఇక్కడ పని ముగిసిందనుకుంటారు. రెండు ఘాతాల ఇంజను గల టగ్‌లో అంతవరకు పూర్తి శక్తితో మండిన ఇంజనును ఒక్కసారిగా చల్లబరచరాదు. లోపలి భాగాలు అసమానంగా కుంచించుకొని బిగుసుకుపోయే ప్రమాదం ఉన్నది. థ్రాటిల్‌ను అంచెలంచెలుగా తగ్గిస్తూ దిగాలి. విడిపోయిన గ్లైడరు ఎటు తిరిగిందో చూసి దానికి దూరంగా మళ్లాలి. తోకకు ఇంకా తాడు వేలాడుతున్నదని మరువరాదు. టగ్ చక్రాలు కంచెపై నుంచి సులువుగా దాటినంత మాత్రాన వెనుక కిందుగా వేలాడే తాడు దాటినట్లు కాదు. కంచె తీగకో చెట్టుకొమ్మకో అది చిక్కుకుంటే దిగుతున్న టగ్‌ను ఎవరో తోకపట్టి లాగినట్లే. అందుచేత టగ్ పైలట్ కంటికి అవసరమనిపించే ఎత్తు కంటె మరికొంత ఎత్తున మైదానం అంచును దాటి, అవతల దిగుతాడు.

టగ్ పచ్చికపై వేగం తగ్గించుకుంటూ పోతుంది. వెనుక తాడు గడ్డిపై పాములాగా జారుతూ వస్తుంది. బండ్ల వద్ద వరుసలో నిలిచినవారిలో ఒకరు పరుగెత్తి ఆ తాడు కొసను అందుకొని, ఉచ్చు అరిగిందో లేదో వేళ్లతో తడిమి చూసి, తరువాతి గ్లైడరుకు తగిలిస్తారు. టగ్ పైలట్ అద్దాన్ని సరిచేసుకొని, ఈసారి బండి మీద ఉన్నదెవరని అడుగుతాడు.